సరాసరి ఇంటికేనా సార్?

ముప్పై సంచుల కందుల బరువు మోస్తున్నాను. ఒక్కో సంచి యాభై కిలోలు. కాంటా మీద పెట్టి ఉంటే పదిహేను క్వింటాళ్లు తూగేవి. తూగలేదు. నేను వాటిని కాంటా దాకా రానివ్వలేదు. అందుకని అవి అప్పటినుంచీ నా మీదే ఉన్నాయి.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. ఇది ధైర్యం కాదని నాకు తెలుసు. పేరు దాచుకుని ఒప్పుకునేవాడిది ఏపాటి ధైర్యం? దమ్ముంటే మా ఇంటావిడకు చెప్పేవాణ్ణి. రోజూ నా ఎదురుగా కూర్చుని నా కంచంలో పప్పు వడ్డించే మనిషి ఆమె. చెప్పలేదు. చెప్తే ఆమె "పోనీలే, అప్పుడు చిన్నోనివి" అంటుంది. ఆ మాట వినాలని నాకు ఎంత ఆశగా ఉందో తెలుసా? అంత ఆశగా ఉంది కాబట్టే వినకూడదు. ఆ ఓదార్పు కోసం నోరు తెరుచుకుని కూర్చునే నా మొహం తలుచుకుంటేనే నాకు వెగటు. మీరైతే ఓదార్చినా నాకు వినబడదు. అందుకే మీకు చెప్తున్నాను.

మాది నారాయణఖేడ్. మా నాన్న బస్సు డిపోలో టైర్ల పని చేసేవాడు. నన్ను సంగారెడ్డిలో డిగ్రీ చదివించాడు. లెక్కలు, స్టాటిస్టిక్స్. మా గల్లీలో స్టాటిస్టిక్స్ అనే మాట సరిగా పలకగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి నేను మర్చిపోయేవాణ్ణి కాదు, ఎవర్నీ మర్చిపోనిచ్చేవాణ్ణి కాదు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం లేదు. ఆ చలికాలంలో మార్కెట్ యార్డులో సర్కారు కందుల కొనుగోలు కేంద్రం పెట్టారు. తేమ చూసే మనిషి కావాలన్నారు. సీజన్ పని, అది కూడా మా నాన్న ఎవరినో బతిమాలితే దొరికింది.

తేమ చూడటమంటే పెద్ద విద్య కాదు. ఇనుప గొట్టం సంచిలో గుచ్చితే గింజలు వస్తాయి. వాటిని చిన్న మిషన్లో పోసి మూత బిగిస్తే ఒక అంకె కనబడుతుంది, నూటికి ఇంత తేమ అని. పన్నెండు లోపు ఉంటే కాంటాకు పంపాలి. పన్నెండు దాటితే వాపస్. అన్ని సంచుల అంకెలూ కూడి, సంచుల సంఖ్యతో భాగించి, రైతు పేరు పక్కన ఒక్క అంకె రాయాలి. అంతే. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగలిగిన పని. నేను మాత్రం అక్కడ కుర్చీ వేసుకుని శాస్త్రవేత్తలా కూర్చున్నాను.

నాకంటే ముందు ఆ పని మా ఇన్‌చార్జి చేసేవాడు. గుప్పెడు గింజలు చేతిలోకి తీసుకుని నలిపి, ఒకటి పంటి కింద వేసుకుని "ఎండినయ్ పో" అనేవాడు. నేను వచ్చిన మొదటి రోజే ఆయనతో హమాలీలందరూ వినేలా అన్నాను, "చెయ్యి అబద్ధం చెప్తది సార్, అంకె చెప్పది" అని. ఎంత పొగరు! ఆయన నవ్వి ఊరుకున్నాడు. హమాలీల మేస్త్రి మొగులయ్య మాత్రం అప్పటినుంచి నన్ను "అంకెల సారు" అని పిలవడం మొదలుపెట్టాడు. అది వెక్కిరింతని నాకు అప్పుడు తెలియలేదు. బిరుదనుకున్నాను.

ఆ ముప్పై సంచులు తెచ్చినామెకు పేరు పెట్టాలి. అసలు పేరు చెప్పను. శాంతమ్మ అనుకోండి. నాగల్‌గిద్ద వైపు ఒక చిన్న ఊరు, కర్ణాటక అక్కణ్ణుంచి కూతవేటు దూరం. యాభై దాటిన మనిషి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. ట్రాలీ ఆటోలో ముప్పై సంచులు వేసుకుని తెల్లారకముందే వచ్చి, తన వంతు కోసం ఆ సంచుల మీదే కూర్చుంది. హమాలీలతో మాట్లాడుతుంటే నాకు వినబడింది. ఏటా కందులు కోయగానే ఆమె, భర్త పట్నం పోయేవాళ్లట, బిల్డింగ్ పనులకు. ఇటుకలు మోసి మోసి ఆయన నడుము పోయింది. ఇప్పుడు ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

"గీ యేడు పోము," అంటోంది ఆమె. "గీ కందులు సర్కార్ కాంట మీదికెక్కితే సాలు, ఊళ్లనే ఉంటం. లేకుంటె మల్ల ఆయన్ని తోల్కొని పోవాల్నాయె. గా నడుముతోని ఏం మోస్తడు?"

ఇది నేను విన్నాను. విన్నానని మీరు గుర్తుపెట్టుకోండి. తర్వాత నేను చెప్పుకోబోయే సాకులన్నీ ఈ ఒక్క సంగతి ముందు నిలబడవు. బయట వ్యాపారి ఇచ్చే ధర ఆ ఏడు కేంద్రం ధరలో సగానికి కాస్త ఎక్కువ. ఇది కూడా నాకు తెలుసు.

ఆమె వంతు వచ్చింది. సంచులు దింపారు. అన్నీ ఒక వరసలో పెట్టబోతుంటే ఆమె అడ్డం పడి మూడు సంచులు పక్కకు పెట్టించింది.

"సార్, గివి ఇర్వయ్యేడు. మస్తు ఎండినయ్. గా మూడు వాగు పొంటియి. ఆఖరుకు కోసినం, జర పచ్చిగున్నయ్. అందుకే అలగ్ తెచ్చిన."

"అన్నీ ఒక్క తీర్గ కలిపి తేకపోయినవా?" అన్నాడు మొగులయ్య. అందరూ చేసేది అదే. పచ్చివి ఎండినవాటిలో కలిపేసి, అన్ని సంచుల్లోనూ సమానంగా సర్దుకుని వస్తారు. మిషన్‌కు తెలియదు.

"ఎట్ల కల్పుతనే? పచ్చియి కలిస్తె మంచియి గుడ బూజు వడ్తయ్. ఎవలింట్ల వండుకుంటరో ఏమో."

నేను ఇరవై ఏడు సంచులూ చూశాను. సరాసరి పదకొండు వచ్చింది. ఆ మూడు సంచులు చూశాను. సరాసరి పదిహేను. రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాశాను. పదకొండు, పదిహేను. కలిపితే ఇరవై ఆరు. సగం చేస్తే పదమూడు.

పదమూడు. పన్నెండు దాటింది.

మీకు లెక్కలు వస్తే ఈపాటికి తల పట్టుకునే ఉంటారు. రాకపోతే చెప్తాను, చిన్న సంగతే. ఇరవై ఏడు సంచుల మాటకూ మూడు సంచుల మాటకూ నేను ఒకే విలువ ఇచ్చాను. రెండు గుంపుల సరాసరులు తెలిసినప్పుడు వాటిని ఊరికే కలిపి సగం చేయకూడదు. ఏ గుంపులో ఎన్ని ఉన్నాయో అన్నిసార్లు లెక్కలోకి తీసుకోవాలి. ఇరవై ఏడు పదకొండులు, మూడు పదిహేనులు. మొత్తం మూడువందల నలభై రెండు. ముప్పైతో భాగిస్తే పదకొండు, దాని మీద కాస్త. పన్నెండు లోపు. దర్జాగా కాంటా ఎక్కాల్సిన సరుకు. దీన్ని ఉమ్మడి సగటు అంటారు. డిగ్రీ మొదటి ఏడాదిలో నేర్పారు. పరీక్షలో వచ్చింది కూడా, పూర్తి మార్కులు పడ్డాయి.

ఆ మూడు సంచులు వదిలేసి మిగతావి తీసుకోవచ్చు కదా అని మీరనొచ్చు. తీసుకోవచ్చు. ఇన్‌చార్జి అయితే అదే చేసేవాడు. కానీ నేను అంకెల సారును. నాకు రెండు అంకెలు దొరికాయి, వాటితో ఏదో ఒకటి చేసి చూపించాలి. ఆమె అన్నీ కలిపి తెచ్చి ఉంటే నేను ముప్పై సంచులు వరసగా చూసి, వరసగా కూడి, ముప్పైతో భాగించేవాణ్ణి. పాసయ్యేది. నిజాయితీగా విడదీసి తెచ్చింది కాబట్టి ఫెయిలైంది. తలుచుకుంటే వాంతి వచ్చే సంగతుల్లో ఇది మొదటిది.

"పదకొండు, పదిహేను. సరాసరి పదమూడు. చెల్లదు. వాపస్," అన్నాను.

"హౌదా?" అంది ఆమె. ఆ వైపువాళ్ల మాటల్లో కన్నడం అలా దొర్లుతుంది. అవునా అని. కాసేపు సంచుల వైపు చూసి, నా వైపు తిరిగి అడిగింది, "సరాసరి ఇంటికేనా సార్? ఇంకేడన్న సూపిచ్చేదున్నదా?"

మా దిక్కు ఎటైనా నేరుగా పోవడాన్ని సీదా పోవడమంటారు. సరాసరి అంటే చదువుకున్నవాళ్ల మాట. ఆమె ఆ మాట చర్చిలో పాస్టరు నోట విని ఉంటుంది, సరాసరి పరలోకానికి అని. నేను చెప్పిన సరాసరి ఆమెకు తెలియదు. నేను ఆమెను నేరుగా ఇంటికి పొమ్మంటున్నాననుకుంది.

హమాలీలు ఘొల్లుమన్నారు. నేనేం చేశానో చెప్పనా? "అవునవ్వా, సరాసరి ఇంటికే" అన్నాను. ఇంకా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నామో తెలియక, అందరూ నవ్వుతున్నారు కదా అని.

ఇక్కడిదాకా అది పొరపాటు. కోర్టులో చెప్పుకున్నా ఇక్కడిదాకా వదిలేస్తారు. కుర్రవాడు, తొందరపడ్డాడు, లెక్క తప్పాడు. నేను దాచింది ఇది కాదు.

ఆమె తర్వాత వచ్చిన రైతు కూడా రెండు రకాలు, ఎర్ర కందులు, తెల్ల కందులు, విడిగా తెచ్చాడు. ఇటు పది సంచులు, అటు పది సంచులు. మళ్లీ రెండు సరాసరులు తీశాను, మళ్లీ కలిపి సగం చేశాను. చేస్తూ చేస్తూ నాలో నేనే పాఠం చెప్పుకున్నాను, ఇక్కడ రెండు గుంపుల్లోనూ సంచులు సమానం కాబట్టి ఇలా సగం చేస్తే సరిపోతుంది అని. సమానం కాబట్టి. పెన్ను ఆగిపోయింది.

తలెత్తి చూశాను. ఆమె ట్రాలీ ఆటో ఇంకా గేటు దగ్గరే ఉంది. సంచులు తిరిగి ఎక్కించడం అప్పుడే అయింది. డ్రైవరు తాడు బిగిస్తున్నాడు. ఆమె కిందపడిన గింజలు ఏరి కొంగులో వేసుకుంటోంది. నేను "ఓ అవ్వా, ఆగు" అని ఒక్క కేక వేస్తే చాలు. వినబడేంత దూరమే.

కేక వేయలేదు. ఎందుకు వేయలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. ప్రతిసారీ ఏదో ఒక గౌరవమైన జవాబు వెతికాను. క్యూ పెద్దగా ఉంది. కాగితం మీద అప్పటికే రాసేశాను. కొట్టివేస్తే ఇన్‌చార్జి కారణం అడుగుతాడు. ఇవన్నీ అబద్ధాలు. కొట్టివేతలు రోజూ ఉండేవి. ఎవరూ అడిగేవారు కాదు. అసలు కారణం ఇంత కురచది. మొగులయ్య నవ్వుతాడు. అంతే. "ఏం సారూ, అంకె అబద్ధం చెప్పదంటివి?" అంటాడు. ఆ ఒక్క మాట పడటం నాకు ఇష్టం లేదు. ఒక మనిషి విరిగిన నడుము ఒకవైపు, నా మీద పడే ఒక్క నవ్వు ఒకవైపు. నాకు నవ్వే బరువనిపించింది. థూ.

లేచి చాయ్ తాగడానికి వెళ్లాను. చాయ్ బండి గేటుకు అటువైపు మూలన. కావాలనే గేటుకు వీపు చేసి నిలబడ్డాను. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా చాయ్ ఊదుకుంటూ తాగాను. ఆటో స్టార్టయిన చప్పుడు విన్నాను. గేరు మారింది, మలుపు తిరిగింది. అప్పుడు వెనక్కి తిరిగాను. చాయ్‌లో అల్లం బాగుందని బండివాడితో అన్నాను కూడా. ఆ మాట నాకెందుకు గుర్తుందో తెలియదు. గుర్తుంది.

ఆమె మళ్లీ వచ్చింది. ఆ మూడు సంచులూ ఇంటి కప్పు మీద ఆరబోసి, మొత్తం ముప్పై మళ్లీ ఆటోలో వేసుకుని వచ్చింది. అప్పటికి ఆ సీజన్ కొనుగోలే ముగిసింది. నేనూ మొగులయ్యా ఫ్లెక్సీ విప్పుతున్నాం. ఆమె సరాసరి నా దగ్గరకే వచ్చింది. గుప్పిట తెరిచి గింజలు చూపించింది. చేత్తో చూపిస్తే నేను నమ్మననుకుందేమో, ఒక గింజ పళ్ల మధ్య పెట్టి కొరికింది. కటుక్కుమంది. బాగా ఎండిన కంది అలాగే చప్పుడు చేస్తుంది. నా మొహంలోకి చూస్తూ కొరికింది, ఇప్పుడు పాసా అన్నట్టు. బడిలో పలక చూపించే పిల్లలా.

మొదటిసారే పాసైందని అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఇన్‌చార్జి ఇంకా ఆఫీసు గదిలోనే ఉన్నాడు. తప్పు నాదని ఒప్పుకుంటే, ఎవరికో ఫోన్ చేసి, ఏదో చేసి ఉండేవాడేమో. ఉండకపోయేవాడేమో. అడగలేదు కాబట్టి ఎప్పటికీ తెలియదు. నేను తల అడ్డంగా ఊపి ఫ్లెక్సీ తాడు విప్పుకుంటూ ఉండిపోయాను. ఆమెకు మంచినీళ్లిచ్చి పంపింది మొగులయ్య. ఎవరు నవ్వుతాడని నేను అంత భయపడ్డానో ఆ మొగులయ్య.

కందులు ఒక వ్యాపారి కొన్నాడు. అతను చెప్పిందే ధర. తర్వాత కొన్నాళ్లకు నాగల్‌గిద్ద ఆటోవాడొకడు మాటల్లో చెప్పాడు, వాళ్ల ఇంటికి తాళం పడిందని, మొగుడూ పెళ్లాం పట్నం పోయారని. ఆయన్ను తనే ఆటోలో పడుకోబెట్టి బస్సు దాకా తెచ్చాడట. నేను "అట్లనా" అన్నాను.

ఇంతవరకు విని మీరు పిరికివాడనుకుంటారు. పిరికితనమే అయితే బాగుండు. అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఇన్నాళ్లూ దాచింది ఇదే.

నేను పీజీ చేసి ఇక్కడే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్ అయ్యాను. బీకాం పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. పిల్లలు బాగా చెప్తాడంటారు. ఏటా ఉమ్మడి సగటు పాఠం వస్తుంది. సూత్రం బోర్డు మీద రాస్తే పిల్లలు ఆవలిస్తారు. మొదటి ఏడాది ఆ ఆవలింతలు చూసి, వాళ్లను నిద్ర లేపడానికి ఒక కథ చెప్పాను. "మా దోస్త్ ఒకడుండె, కందుల సెంటర్ల తేమ చూసేటోడు" అని మొదలుపెట్టాను.

అవును. ఆ కథే. ఇరవై ఏడు సంచులు, మూడు సంచులు, పదకొండు, పదిహేను, పదమూడు. బోర్డు మీద అన్నీ రాసి, తప్పెక్కడో చెప్పండి అంటాను. ఎవరో ఒకరు పట్టుకుంటారు. అప్పుడు ఆ దోస్తును తిడతాను, డిగ్రీ చదివిన గాడిద అని. పిల్లలు నవ్వుతారు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు కదా, నాది అచ్చంగా అతికింది. అందులో అంతా నిజమే, మనిషి ఒక్కడే మారాడు. ఇంతటితో ఆగినా బాగుండేది. చివర్లో కొంగు సర్దుకున్నట్టు చేయి తిప్పి, గొంతు సన్నం చేసి, ఆమెలా అంటాను, "హౌదా? సరాసరి ఇంటికేనా సార్?"

క్లాసు పగలబడి నవ్వుతుంది. ఏటా. అచ్చు యార్డులో నవ్వినట్టే. ఆ మాటతో సరాసరికి రెండు అర్థాలున్నాయని వాళ్లు ఇక మర్చిపోరు, పరీక్షలో ఆ లెక్క తప్పరు. మంచి మాస్టారినని పేరు. ఆ పేరు ఎవరి గొంతు దొంగిలించి తెచ్చుకున్నానో వాళ్లకేం తెలుసు?

ఒకసారి నారాయణఖేడ్ బస్టాండులో ఆమె ఎదురైంది. చేతివేళ్లు సిమెంటు పనికి పగిలి ఉన్నాయి. పక్కనే బెంచీ మీద ఆయన, కర్ర గడ్డం కింద ఆనించుకుని, ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. పండక్కి ఊరికి వచ్చినట్టున్నారు. ఆమె నన్ను గుర్తుపట్టింది. "మంచిగున్నవా సార్?" అంది. భర్తతో, "గీ సారే గప్పుడు మిషన్ వెట్టి సూశిండు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఎందుకుంటుంది? ఆమె లెక్కలో తప్పు కందులది. పచ్చిగా ఉన్నాయి, మిషన్ చెప్పింది, సారు చదివి వినిపించాడు. ఇన్నేళ్లూ ఆమె వాగు పక్కనున్న ఆ చెలకను తిట్టుకుని ఉంటుంది, ఆఖరుకు కోసిన తనను తిట్టుకుని ఉంటుంది. నన్ను తిట్టుకోలేదు.

నేనెవరో నాకే తెలియనట్టు మొహం పెట్టి, కదులుతున్న బస్సొకటి ఎక్కేశాను. అది ఎటు పోతుందో చూడలేదు. సిర్గాపూర్ పోయింది. అక్కడ దిగి, తిరుగు బస్సు కోసం ఎండలో నిలబడి, నన్ను నేను బాగా తిట్టుకున్నాను. ఇక ఆ కథ జన్మలో చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఏడాది చెప్పలేదు. పాఠం చప్పగా సాగింది. పిల్లలు ఆవలించారు. మరుసటి ఏడాది మళ్లీ చెప్పాను. పగిలిన ఆ వేళ్లు చూసి వచ్చి కూడా, కొంగు సర్దుకున్నట్టు చేయి తిప్పి చెప్పాను. ఏం మనిషిని నేను? కుక్క కూడా తను కక్కింది పదిమందికి పంచదు.

ఈ మధ్యే మళ్లీ ఆ పాఠం వచ్చింది. కథ చెప్పాను, గొంతు సన్నం చేశాను, నవ్వారు. వెనక బెంచీలో ఒక అమ్మాయి నవ్వలేదు. సిర్గాపూర్ వైపు పిల్ల, అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటుంది. అమ్మానాన్నలు పట్నంలో పనికి పోయారని హాజరు తక్కువైనప్పుడు ఒకసారి చెప్పింది. నవ్వులు తగ్గాక లేచి నిలబడింది.

"సార్, గామె మల్ల ఏమైంది?"

"ఎవరు?"

"గా కందులామె."

ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. తప్పెక్కడో అడిగారు, సూత్రం అడిగారు, ఆ దోస్తు ఉద్యోగం పోయిందా అని కూడా అడిగారు. ఆమె ఏమైందని ఎవరూ అడగలేదు. నాకు అన్నీ తెలుసు. తాళం తెలుసు, ఆటోలో పడుకోబెట్టిన మనిషి తెలుసు, వేళ్లు తెలుసు, బెంచీ మీద కర్ర తెలుసు. నోరు తెరిచాను. వచ్చింది ఇది.

"అది ఉదాహరణ అమ్మా. ఉదాహరణల్ల మనుషులకు ఏం కాదు."

"మంచిది సార్," అని ఆ పిల్ల కూర్చుని సూత్రం రాసుకుంది. ఆ తర్వాత నేనేం చెప్పానో నాకు గుర్తు లేదు.

ఆరోజు నుంచి అన్నం సయించడం లేదు. పప్పు అసలే సయించడం లేదు. ఇంటావిడ దవాఖానకు పోదామంటోంది.

నిజం చెప్పాలంటే, ఇన్నేళ్లు నేను బతికింది కూడా ఒక లెక్క చూసుకునే. నేను చేసిన మంచి చాలా ఉంది. ఫీజు కట్టలేని పిల్లలకు ఊరికే చదువు చెప్పాను. మా నాన్నను చివరిదాకా చూసుకున్నాను. తాగను, ఎవరినీ కొట్టలేదు. ఒక గుంపులో ఇన్ని మంచివి, ఇంకో గుంపులో ఈ ఒక్క పాడు పని. రెంటినీ ఊరికే కలిపి సగం చేయకూడదు కదా, ఎన్నున్నాయో చూసి లెక్క కట్టాలి కదా. అలా కడితే నా సరాసరి బాగానే వస్తుంది. పాస్. ఆమె సంచులకు వాడని సూత్రాన్ని నాకోసం మాత్రం ఒక్క మెట్టు కూడా తప్పకుండా వాడుకున్నాను. ఇంతకంటే నీచం ఉందా?

ఆ పిల్ల అడిగాక ఆ లెక్క కూడా తప్పని తెలిసింది. నా మంచి పనులు శాంతమ్మవి కావు. అవి ఎవరెవరివో. ఆమె దగ్గర నా గురించి ఉన్నది ఒక్కటే, పదమూడు అని చెప్పి వెనక్కి పంపిన పూట. గుంపులో ఒక్కటే అంకె ఉంటే దాని సరాసరి అదే. అందులో కలపడానికి ఇంకేమీ లేదు.

వెళ్లి ఆమెకే చెప్పొచ్చు కదా అంటారు. నాగల్‌గిద్ద ఎంత దూరమని? డిపో ముందు ఆటో ఎక్కితే చాలు. వెళ్తానని మీకు మాటివ్వను. ఇచ్చి తప్పుతాను, నన్ను నేను ఎరుగుదును. వెళ్తే ఆమె ఏమంటుందో కూడా ఊహించగలను. "గట్లనా సార్, పోనీ తీ" అంటుంది, కూర్చోమని చాప వేస్తుంది. ఆ చాప మీద నేను కూర్చోలేను.

అందుకని ఇక్కడ చెప్తున్నాను. నా దోస్త్ ఎవడూ కందుల సెంటర్లో పని చేయలేదు. ఆ కుర్చీలో కూర్చున్నది నేను. సగం చేసింది నేను. తెలిసి కూడా గేటుకు వీపు తిప్పి చాయ్ తాగింది నేను. ఆమె గొంతుతో పిల్లల్ని నవ్వించింది నేను. ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. సంచులు మాత్రం దిగలేదు. ఎవరి మీద ఉన్నాయో చెప్పాను, అంతే.